గోడ లేని నీళ్ళు

పెనుకొండ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి బావిలో ఏం పడిపోయినా పుల్లన్నకే కబురు వచ్చేది. బొక్కెన తెగినా, పూడిక పేరుకుని ఊట మూసుకుపోయినా, మేకపిల్ల జారిపడినా ఆయనే దిగాలి. మనిషి పడినా ఆయనే. తండ్రి నుంచి వచ్చిన పని అది. ఊపిరి బిగబట్టి మునిగాడంటే రెండు నిమిషాల దాకా పైకి వచ్చేవాడు కాదు. గట్టు మీద నిలబడ్డవాళ్ళు తమ ఊపిరి కూడా బిగబట్టి చూస్తూ, ఆ తల నీళ్ళ మీద తేలగానే గుండెల మీద చెయ్యి వేసుకునేవాళ్ళు. పుల్లన్నకు భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా చెప్పుకునేది.

ఆ మాట అబద్ధమని భార్య ఈరక్క ఒక్కదానికే తెలుసు. కబురు వచ్చిన రోజు పుల్లన్న సంగటి ముద్ద ముట్టేవాడు కాదు. బయలుదేరేలోపు మూడుసార్లు పెరట్లోకి పోయి వచ్చేవాడు. ఎండాకాలంలో కూడా చేతులు చల్లబడిపోయేవి. నీళ్ళంటే కాదు ఆయన భయం. బావి అడుగున కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. అందుకని కళ్ళు మూసుకునే దిగేవాడు, చేతులతో బురదంతా తడుముకుంటూ పోయేవాడు. తడిమే చేతికి తర్వాత ఏం తగులుతుందో తెలియదు. అదీ ఆయన భయం.

1958 ఎండాకాలంలో ఒక పొద్దున, ఈరక్క అన్న శంకరప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. పదహారేళ్ళ కూతురు గౌరి నీళ్ళకని పోయి ఇంటికి రాలేదు. బావి మెట్టు మీద కాలు జారిన గుర్తు ఉంది. పుల్లన్న దిగాడు. మొదటిసారి బురద తప్ప ఏమీ తగల్లేదు. రెండోసారి రాళ్ళు తగిలాయి. మూడోసారి కుడిచేతి వేళ్ళకు జడ తగిలింది.

'మామా' అని పిలుస్తూ ఆయన చేతుల్లో పెరిగిన పిల్ల. ఆమెను ఎత్తుకుని ఆయనే మెట్లెక్కి పైకి వచ్చాడు. ఆ తర్వాత నెల రోజులు ఎవరు పిలిచినా చెవిపోటని చెప్పి పంపేశాడు. కుడిచేత్తో అన్నం కలుపుకోవడం కూడా ఇబ్బందిగా ఉండేది. ఈరక్క అన్నీ చూసింది గానీ ఏమీ అడగలేదు. పోయింది తన మేనకోడలే, ఆమె దుఃఖం ఆమెకు ఉంది.

ఆ రోజుల్లోనే రామచంద్ర అనే ఆయన మనిషిని పంపాడు. రామచంద్రది హిందూపురం. సముద్రంలో చేపల మీద పరిశోధన చేసే సర్కారు ఉద్యోగం, కేరళ వైపు పని. సెలవు మీద ఇంటికి వచ్చాడు. వాళ్ళ తోట బావిలో కొత్తగా ఆయిల్ ఇంజను పెట్టారు. పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వులో కంకర ఇరుక్కుని నీళ్ళు ఎక్కడం లేదు. మనిషి కోసం కాదు, ఇనుము కోసమే గదా అని పుల్లన్న మనసు గట్టి చేసుకుని పోయాడు. దిగి, వాల్వు విప్పి, కంకర తీసి, మళ్ళీ బిగించి వచ్చాడు. పైన రామచంద్ర చేతిగడియారం చూస్తూ నిలబడి ఉన్నాడు.

"రెండు నిమిషాల పది సెకండ్లు. సముద్రం ఎప్పుడన్నా చూసినావా పుల్లన్నా?"

"యాడ చూసేది సామీ. చిత్రావతి ఏరు పారితేనే మాకు తిరనాల."

రామచంద్ర అప్పుడు తన సంగతి చెప్పాడు. అరేబియా సముద్రం మధ్యలో మినికాయి అని ఒక దీవి ఉంది. అక్కడ నీళ్ళ అడుగున ఏమేం ఉన్నాయో చూసి రాయడం ఆయన పని. వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగుతారు. తోడు దిగే మనిషికి జబ్బు చేసింది. ఒంటరిగా దిగకూడదు. నాలుగు నెలలు వస్తావా అని అడిగాడు.

పుల్లన్న ఒక్కటే ప్రశ్న వేశాడు. "ఆడ మనుషులు పడి చచ్చుంటారా సామీ?"

"ఛ, లేదప్పా. ఆడ నీళ్ళు అద్దం మాదిరి ఉంటాయి. పది నిలువుల లోతున రాయి పడుంటే పైనుంచే కనపడతాది."

శవాలు లేని నీళ్ళు, అడుగు కనిపించే నీళ్ళు. పుల్లన్నకు ఆ మాటలు నచ్చాయి. ఇంటికి పోయి చెబితే ఈరక్క పొయ్యిలో కట్టె ముందుకు తోసింది.

"సచ్చినోళ్ళను తీసి తీసి నువ్వే సగం సచ్చినట్టుండావు. పో. గాలి మారితే మనిషివైతావేమో," అంది.

వానాకాలం పోయి సముద్రం నెమ్మదించాక, జనవరిలో బయలుదేరారు. పెనుకొండలో రైలెక్కి, బెంగళూరు మీదుగా కేరళలోని కోళికోడు రేవుకు చేరారు. స్టేషన్ నుంచి నేరుగా ఒడ్డుకు తీసుకుపోయి రామచంద్ర "ఇదిగో" అన్నాడు. పుల్లన్న అవతలి గట్టు కోసం చూశాడు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు చూశాడు. గట్టు లేదు. ఎంత పెద్ద బావికైనా చుట్టూ రాతికట్టు ఉంటుంది. ఊపిరి ఆగిపోతున్నట్టుంటే చెయ్యి చాపి గోడ పట్టుకోవచ్చు. దీనికి పట్టుకునేందుకు ఏముంది? ఇసుకలో కూర్చుండిపోయి, కాలికి ముల్లు గుచ్చుకుందని అబద్ధం చెప్పాడు.

ఓడలో తిన్నది తిన్నట్టు కక్కుకుంటూ మినికాయి చేరాడు. సన్నగా వంకర తిరిగిన దీవి, దాని నిండా కొబ్బరిచెట్లు, ఒక కొసన తెల్లటి ఎత్తైన దీపస్తంభం. దీవికి ఒక పక్క పగడపు రాళ్ళు దడిలా అడ్డం ఉండి, లోపలి నీళ్ళు చెరువులా నిలకడగా ఉండేవి. దడి దాటితే అసలు సముద్రం. వాళ్ళకు పడవ నడిపే మనిషి పేరు మూసా. యాభై ఏళ్ళవాడు, పొడుగ్గా ఎండిన తాటాకులా ఉండేవాడు. రామచంద్రతో మలయాళంలో మాట్లాడేవాడు. పుల్లన్నతో చేతిసైగలే.

మొదటి పదిరోజులూ దడి లోపలే నేర్పారు. ముఖానికి రబ్బరు అంచున్న అద్దం, కాళ్ళకు బాతు పాదాల్లాంటి రబ్బరు తొడుగులు, నడుముకు సీసపు బిళ్ళల పట్టీ, వీపున ఇనుప సిలిండరు. దాని నుంచి రెండు గొట్టాలు నోటికి. పుల్లన్న నడుం లోతు నీళ్ళలో ముఖం ముంచి, అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. రామచంద్ర భుజం తట్టాడు. కళ్ళు తెరిచాడు.

పుట్టి బుద్ధెరిగాక నీళ్ళ లోపల ఆయన చూడడం అదే మొదలు. తన చేతులు తనకే పెద్దవిగా, ఎవరివో అన్నట్టు కనిపించాయి. పాదాల పక్కన నీలం చేప ఒకటి నిలబడి తననే చూస్తోంది. అదిరిపడి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళు కనపడక భయపడ్డాడు. ఇప్పుడు అన్నీ కనపడుతున్నాయి, భయం మాత్రం పోలేదు.

రామచంద్ర రోజూ ఒకే పాఠం చెప్పేవాడు. "ఊపిరి బిగబట్టొద్దు. ఏమైనా గానీ, బిగబట్టొద్దు."

"బిగబట్టడమే గద సామీ నా పని."

"అది బావిలో. నువ్వు పైన పీల్చుకున్న గాలితో దిగి, ఆ గాలితోనే పైకొస్తావు. ఈడ అట్ల కాదు. అడుగున పీల్చే గాలి ఒత్తిడికి నలిగి ఉంటాది. పైకొచ్చేకొద్దీ పొంగుతాది. బిగబట్టుకోని వస్తివంటే పొంగే పాలకుండకు మూత బిగించినట్టే. రొమ్ము పగులుతాది. వదుల్తా రావాల. నీ నోట్లోనుంచి వచ్చే బుడగల కంటే బిన్నా, వాటిని దాటుకోని, నువ్వు పైకి రాగూడదు."

నాన్న నేర్పిన విద్య, ఇన్నేళ్ళు అన్నం పెట్టిన విద్య, ఇక్కడ ప్రాణం తీస్తుందట. పుల్లన్న గుడిసె ముందు కూర్చుని పొద్దస్తమానం ఊపిరి వదలడం అభ్యాసం చేసేవాడు. చూసిపోయే దీవి ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఒక పొద్దున దడి బయటికి పోతూ ఉంటే, పడవలో ఉన్న చేప తలకాయల్ని పుల్లన్న సముద్రంలో పారేయబోయాడు. మూసా గబుక్కున చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. నీళ్ళ వైపు చూపించి, అరచెయ్యిని నిలువుగా నెత్తి మీద పెట్టుకుని, పళ్ళు బయటపెట్టి, పటపటలాడించాడు. పుల్లన్న రామచంద్ర వైపు తిరిగాడు.

"ఏంది సామీ ఈయన చెప్పేది?"

"సొరచేపలు. ఉంటాయి. మన జోలికి రావు."

"ముందే చెప్పలేదే మీరు."

"చెప్తే వచ్చేవాడివా?"

"రాను."

"అందుకే చెప్పలే," అన్నాడు రామచంద్ర. తల వంచుకునే అన్నాడు.

ఆ రోజే మొదటిసారి దడి బయట దిగారు. పగడపు రాళ్ళు మెట్లలాగా కొంతదూరం పోయి, ఒక్కసారిగా తెగిపోయాయి. ఆ అంచున నిలబడి పుల్లన్న కిందికి చూశాడు. నీలం, దాని కింద ముదురు నీలం, దాని కింద ఏమీ లేదు. కొండకొమ్ము నుంచి తోసేస్తే ఎలా ఉంటుందో అలా అనిపించి రాయిని రెండు చేతులతో కావలించుకున్నాడు. అప్పుడే సొరచేపను చూశాడు. మనిషంత ఉంటుంది. బూడిదరంగు. తొందర లేదు, అటూ ఇటూ చూడడం లేదు, రెప్ప లేదు. తన పొలం గట్టున నడిచే ఆసామిలాగా వాళ్ళ ముందునుంచి పోయింది. అది తమను చూసినట్టే లేదు. చూసి లెక్కచేయలేదా, మళ్ళీ వచ్చి చూసుకుందామనుకుందా అని ఆ రోజంతా పుల్లన్నకు అదే ఆలోచన. సాయంత్రం గంజి గిన్నె చేతిలోనుంచి జారి సగం ఒలికిపోయింది. మూసా తన గిన్నెలోది వంచి పోశాడు.

దిగినకొద్దీ అలవాటవుతుందన్నాడు రామచంద్ర. పుల్లన్నకు కాలేదు. అయినా ఇంటికి పోతానని అనలేదు. ఓడ నెలకొకసారి వస్తుంది, ఈది పోయే దూరం కాదు.

ఫిబ్రవరి నెల చివర ఒకరోజు, పోటు ఎక్కే వేళకు, మూసా వాళ్ళను దక్షిణపు కొసకు తీసుకుపోయాడు. అక్కడ పది నిలువుల లోతున ఒంటరిగా ఒక పెద్ద పగడపు రాయి ఉంది. మాంటా అనే చేపలు ఆ రాయి దగ్గరకు వస్తాయని, వాటిని లెక్కపెట్టాలని రామచంద్ర ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాడు. లంగరు తాడు పట్టుకుని ఇద్దరూ దిగారు. రాయికి ఆనుకుని కాచుకున్నారు.

ఉన్నట్టుండి నీడ పడింది. మబ్బు పట్టిందనుకుని పుల్లన్న తల ఎత్తాడు. మబ్బు కాదు. గొర్రెలకాపరి కంబళ్ళు నాలుగైదు కలిపి కుట్టి గాలిలో పరిచినంత వెడల్పున ఒక ప్రాణి ఆయన తల మీదుగా పోతోంది. కింద తెల్లటి పొట్ట. దాని మీద కత్తితో కోసినట్టు రెండు పక్కలా అయిదేసి గాట్లు, అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. ముందు భాగంలో నోరు. మనిషి అడ్డంగా దూరిపోగలిగినంత నోరు. నోటికి రెండు పక్కలా చేతుల్లాంటి తమ్మెలు. పక్షి రెక్కల్లా దాని అంచులు మెల్లగా లేచి పడుతుంటే, ఆ ఊపుకు నీళ్ళు కదిలి పుల్లన్న జుట్టు చెదిరింది. ఆయన గుండె చప్పుడు ఆయనకే గొట్టంలోనుంచి వినిపించింది. ఒకటి పోయింది, రెండోది వచ్చింది. మొత్తం అయిదు. రాయి చుట్టూ తిరుగుతున్నాయి. చిన్న చిన్న చేపలు గుంపుగా లేచి వాటి పొట్టలు, వెడల్పాటి రెక్కలు శుభ్రం చేస్తున్నాయి.

రామచంద్ర సంతోషం పట్టలేక చేతులు ఊపాడు. అవి కరవవని, పళ్ళతో పట్టుకుని తినవని పైనే చెప్పాడు. పుల్లన్న తలకు ఆ సంగతి తెలుసు. ఒంటికి తెలియదు. రాయిని కావలించుకున్న చేతులు వదలడం లేదు. అయినా కళ్ళు మాత్రం మూసుకోలేకపోయాడు. ఇంత పెద్దది ఇంత నెమ్మదిగా ఎలా తిరుగుతుందని, భయపడుతూనే చూస్తూ ఉండిపోయాడు.

అంతలో, పిలిచినట్టుగా, అయిదూ ఒక్కసారి పక్కకు ఒరిగి నీలంలోకి వెళ్ళిపోయాయి. చిన్న చేపలు కూడా రాతి సందుల్లో దూరాయి. క్షణంలో అంతా ఖాళీ అయింది. కోతుల గుంపు హఠాత్తుగా అరవడం మానేస్తే అడవిలో మనిషికి వెన్ను జలదరించినట్టు, పుల్లన్నకు జలదరించింది.

అది కిందినుంచి వచ్చింది. ముందు మొద్దులాంటి తల, ఎద్దుబండి చక్రమంత వెడల్పు. తర్వాత ఒళ్ళు, పక్కల్లో నల్లటి చారలు. ఎంతసేపు చూసినా తోక రాదే అన్నంత పొడవు. అది రాయి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు దగ్గరగా వచ్చింది. దాని కన్ను పుల్లన్న మీద నిలిచింది. ఇది చూసింది. దీన్లో అనుమానం లేదు.

రామచంద్ర తాడు చూపించి, మెల్లగా పైకి అన్నట్టు సైగ చేశాడు. పుల్లన్న తాడు అందుకుని లేచాడు. మూడు నిలువులు లేచేసరికి రొమ్ములో సూది గుచ్చినట్టు నొప్పి. తను ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఎప్పుడు బిగబట్టాడో తెలియదు, భయం వచ్చిందంటే ఆయన ఒంటికి తెలిసింది అదొక్కటే. నోరు వదులు చేసి గాలి వదిలాడు. బుడగలు గుంపుగా పైకి పోయాయి. నొప్పి తగ్గింది. అప్పుడు కిందికి చూశాడు.

రామచంద్ర రాలేదు. రాయి పక్కనే గింజుకుంటున్నాడు. ఎప్పుడో జాలర్లు పోగొట్టుకున్న గాలపు తాడు ఒకటి రాయికి చుట్టుకుని ఉంది. అది ఆయన వీపున సిలిండరుకు మెలిపడింది. వెనక్కి చెయ్యి పెడుతున్నాడు, అందడం లేదు. సొరచేప మూడో చుట్టు తిరుగుతోంది.

పైన పడవ అడుగు రావి ఆకంత కనిపిస్తోంది. పుల్లన్న తాడు మీద ఇంకో రెండు మూరలు పైకి లేచాడు. లేచాడు, అది నిజం. ఆ తర్వాత ఆగిపోయాడు. ఆయన ఆగడానికి కారణం ధైర్యం కాదు. ఈయన ఇక్కడే చచ్చిపోతే రేపు తియ్యమని అడిగేది ఎవరిని? మళ్ళీ తననే. రేపు ఇదే రాయి దగ్గరకు దిగి, ఇదే మనిషిని, కదలని మనిషిని పట్టుకోవాలి. కుడిచేతి వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. దానికంటే ఇప్పుడు దిగడమే తేలిక అనిపించింది.

దిగాడు. రామచంద్ర వీపు దగ్గరకు చేరేసరికి చారల ఒళ్ళు చెయ్యి చాపితే అందేంత దూరంలో పోయింది. చూస్తూ ఉంటే చేతులు పని చేయవని తెలిసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వెంటనే చీకటి. ఎరిగిన చీకటి. వేళ్ళు తడుముకుంటూ పోయాయి. సిలిండరు మెడ, గొట్టం, తాడు, ముడి. నడుమున కత్తి తీసి కోయడం మొదలుపెట్టాడు. తాడు నానిన తోలులా ఉంది. కోస్తుండగా తాడుకున్న గాలం ఎడమ అరచేతిలో దిగింది. నొప్పికి కళ్ళు తెరుచుకున్నాయి. చేతిలోనుంచి పొగలాంటిది లేస్తోంది. ఎర్రగా లేదు, ఆ లోతున ఆకుపచ్చగా కనిపిస్తోంది. అది తన నెత్తురని తెలియడానికి ఒక క్షణం పట్టింది. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు వీపు మీద దెబ్బ తగిలింది. బండరాయి దొర్లి వచ్చి తాకినట్టు. సిలిండరు గంటలా ఖణేల్మంది. ఆయన ముఖం రామచంద్ర వీపుకు గుద్దుకుంది, నోట్లోని రబ్బరు పళ్ళ మధ్య సగం ఊడింది. గట్టిగా కరుచుకున్నాడు. కళ్ళు తెరవలేదు. తాడు ఇంకో పోగు, ఇంకో పోగు. తెగింది.

రామచంద్ర చేతికి లంగరు తాడు అందించి ఇద్దరూ లేచారు. సగం దూరం వచ్చేసరికి రామచంద్ర గొట్టంలో గాలి అయిపోయింది. ఆయన ముఖం ఒక్కసారి పుల్లన్న వైపు తిరిగింది. అద్దంలో కళ్ళు తెల్లగా ఉన్నాయి. రోజూ పాఠం చెప్పిన మనిషి ఆ పాఠమే మరిచిపోయి, తాడు వదిలేసి, కాళ్ళు తన్నుకుంటూ బాణంలా పైకి పోయాడు.

పుల్లన్న ఒక్కడే మిగిలాడు. కాళ్ళ కింద అయిదు నిలువుల నీళ్ళు, అందులో అది. అరచేతిలోనుంచి పచ్చటి పొగ. ఒంట్లో ప్రతి నరమూ తన్నుకుని పొమ్మంటోంది. బుడగల కంటే బిన్నా పోరాదు. ఒక చెయ్యి మీదికి, ఊపిరి వదులు. ఇంకో చెయ్యి మీదికి, ఊపిరి వదులు. పాదానికి ఏదో తగిలినట్టయింది. తగిలిందో లేదో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. కిందికి చూడలేదు. ఆ అయిదు నిలువులు ఎక్కడానికి పట్టిన సేపు తన మిగతా బతుకంతకంటే ఎక్కువని తర్వాత ఈరక్కతో చెప్పాడు.

మూసా రెక్క పట్టి పడవలోకి లాగాడు. రామచంద్ర పడవ అడుగున పక్కకు పడుకుని దగ్గుతున్నాడు. దగ్గినప్పుడల్లా పెదాల మీద ఎర్రటి నురగ. మూసా గాలాన్ని పుల్లన్న అరచేతిలోనుంచి ముందుకు తోసి, మొన విరిచి, వెనక్కి లాగాడు. పుల్లన్న అరవలేదు. పడవ అంచు పట్టుకుని నీళ్ళ వైపు చూడకుండా దీపస్తంభం వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఓడ తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది. రామచంద్రను కోళికోడు ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణానికి ఫరవాలేదన్నారు. ఇక నీళ్ళలో దిగకూడదన్నారు. పుల్లన్న భాష తెలియని రైళ్ళు మారుకుంటూ ఒక్కడే పెనుకొండ చేరాడు.

ఊళ్ళో జనం చుట్టూ మూగారు. "ఏం సూసినావప్పా?" అంటే "చేపలు" అన్నాడు. అరచేతి మచ్చ చూసి మిగతాది వాళ్ళే అల్లుకున్నారు. నెల తిరిగేసరికి పుల్లన్న సొరచేపను కత్తితో పొడిచి చంపాడని పుకారు కొత్తచెరువు ఊరి దాకా పాకింది. కాదని చెప్పే ఓపిక ఆయనకు లేకపోయింది.

తర్వాత ఒక బొక్కెన కోసం పిలిస్తే పోయాడు. నాలుగు మెట్లు దిగి, నీళ్ళలో కాలు పెట్టి, ఆగిపోయాడు. గోడలున్నాయి, అడుగు తెలుసు, అయినా ఆ నల్లటి నీళ్ళ కిందినుంచి మొద్దు తల ఒకటి లేచి వస్తోందని అరికాళ్ళు చెబుతున్నాయి. బావిలో సొరచేప ఉండదని ఆయనకు తెలియదా? తెలుసు. వెనక్కి తిరిగి మెట్లెక్కి వచ్చాడు. పదిమంది చూస్తుండగా వచ్చాడు.

ఆ సంవత్సరమే ఈరక్కను తీసుకుని ధర్మవరం వెళ్ళిపోయాడు. అక్కడ తన సంగతి ఎవరికీ తెలియదు. రైల్వే జంక్షన్లో బొగ్గు ఎత్తే కూలిపని దొరికింది. పొడిపని. ఒంటి నిండా నలుపు, గొంతు నిండా ధూళి, అయినా ఆయనకు హాయిగానే ఉండేది.

1962లో ఒక ఆదివారం పగలు, రామచంద్ర అడ్రసు కనుక్కుంటూ వచ్చాడు. నాలుగడుగులకొకసారి ఆగి గాలి పీల్చుకుంటున్నాడు. ఈరక్క మజ్జిగ ఇచ్చింది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, అసలు మాట అడిగాడు.

"ఆ పొద్దు నువ్వు మళ్ళా కిందికి దిగి వస్తివే పుల్లన్నా. నీకు భయం కాలేదా?"

"కాకేం సామీ. మీరు ఆడనే సచ్చుంటే మళ్ళా తియ్యమనేది నన్నే గదా. అందుకని దిగితి. దిగకముందు రెండు మూరలు పైకి గూడా పోతి. మిమ్మల్ని ఇడ్సిపెట్టి పోదామనే."

రామచంద్ర గ్లాసు కింద పెట్టాడు. "నేను రెండు మూరలు గాదు, అయిదు నిలువులు పోతి. నిన్ను దానికి ఇడ్సిపెట్టి. నెత్తురు కారతాండే నీ చెయ్యి సూసి గూడా పోతి. మూడేండ్లుగా ఈ మాట ఎట్ల చెప్పాల్నా అని తిరుగుతాండా."

గుమ్మంలో కూర్చున్న ఈరక్క అంది. "బాగుండాది. ఇద్దురూ భయపడిరి, ఇద్దురూ బతికిరి. ఇంగ ఆ మజ్జిగ తాగండి."

దాంతో పుల్లన్న భయం పోయిందని కాదు. ఒకటి మాత్రం మారింది. అంతకుముందు భయాన్ని దాచుకోవడానికే ఆయనకు సగం బలం ఖర్చయ్యేది. తర్వాత దాచడం మానేశాడు.

రెండేళ్ళకు ఒక మధ్యాహ్నం, రైలుపట్టాల అవతలి తోటలో కేకలు వినిపించాయి. చౌడేశ్వరి అనే నడివయసు మనిషి బావిలో పడింది. గట్టు మీద జనం ఉన్నారు, దిగేవాళ్ళు లేరు. బొగ్గుగంప పారేసి పుల్లన్న పరుగెత్తాడు.

"నాకు శానా భయం," అన్నాడు అక్కడున్న వాళ్ళతో, అందరికీ వినబడేలా. "నడుముకు తాడు కట్టండి. నలుగురు పట్టుకోండి. నేను రెండుసార్లు గుంజితే లాగండి. ఇడ్సిపెట్టి పోగాకండి."

జనం వింతగా చూశారు గానీ కట్టారు. నీళ్ళు మోకాళ్ళకు తాకగానే కింది నుంచి మొద్దు తల వస్తున్నట్టే అనిపించింది. పళ్ళు టకటకలాడాయి. అలాగే మునిగాడు. కళ్ళు మూసుకుని, చేతులు ముందుకు చాపి దిగాడు. వేళ్ళకు కొంగు తగిలింది. దాని వెనక ఒక చెయ్యి. ఆ చెయ్యి ఆయన మణికట్టును గట్టిగా పట్టుకుంది.

బావి అడుగున మనిషి తనను తిరిగి పట్టుకోవడం ఆయన అన్నేళ్ళ పనిలో అదే మొదటిసారి. బెదిరి కొంచెం నీళ్ళు మింగాడు. తాడు రెండుసార్లు గుంజాడు.

గట్టు మీద చౌడేశ్వరిని బోర్లా పడుకోబెడితే కడుపులో నీళ్ళన్నీ కక్కింది. లేచి కూర్చుని, చుట్టూ చూసి, మొదటిమాటగా, "నా చెప్పులు ఈడ ఇడ్సింటి, ఎవురన్నా తీసుకోని పోయిరా ఏంది?" అంది. నలుగురూ నవ్వారు. పుల్లన్న నవ్వలేకపోయాడు. ఆమె వేళ్ళ గుర్తులు మణికట్టు మీద ఎర్రగా కనిపిస్తుంటే వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు.

అప్పటినుంచి పిలిస్తే పోయేవాడు, బొగ్గు పని చేస్తూనే. ప్రతిసారీ తాడు కట్టించుకునేవాడు. ప్రతిసారీ పెరట్లోకి మూడుసార్లు పోయేవాడు. ఒక్కోసారి మెట్ల మీదనే ఆగి, ఈరోజు నాతో కాదని చెప్పి వచ్చేసేవాడు. చౌడేశ్వరిని తీసిన రోజు సాయంత్రం తడిబట్టలతో ఇంటికి పోతే ఈరక్క గుమ్మంలోనే ఎదురైంది. వార్త ఆమెకు అప్పటికే చేరింది.

"భయమైందా?" అని అడిగింది.

"అయ్యింది," అన్నాడు.

"సరే, బట్ట మార్చుకో. సంగటి ఆరిపోతాండాది."